సింధూర పేరు కింద కల్పలత కుచ్చులు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి కల్పలత చేసే మొదటి పని, ఫోనులో సింధూర పేజీ తెరిచి చూడడం. చూడకూడదని రోజూ అనుకుంటుంది. అనుకుంటూ ఉండగానే వేలు అక్కడికి పోతుంది. కొత్త వీడియో ఏమైనా పెట్టిందా, ఎంతమంది మెచ్చుకున్నారు, ఏ పెళ్లికూతురు ఏమని పొగిడింది, అన్నీ చదువుకుని, కడుపులో ఇంత నిప్పు రాజేసుకుంటే గాని ఆమెకు తెల్లవారదు. ఈలోపల పాలు పొంగి పొయ్యి పాలవుతాయి.

కల్పలతది సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్. పుట్టింది అక్కడే, మెట్టింది రెండు గల్లీల అవతల. భర్త తిరుమల్ రాణిగంజ్‌లో పైపుల దుకాణంలో పని చేస్తాడు. ఆమె చీరలకు కుచ్చులు కడుతుంది. పట్టుచీర కొన్నవాళ్లు కొంగు అంచున దారాలతో, పూసలతో కుచ్చులు కట్టించుకుంటారు కదా, ఆ పని. పెళ్లికి ముందు ఎదురింటి శారదమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుంది. జనరల్ బజార్‌లో చీరలు కొన్న ఆడవాళ్లు అటునుంచి అటే ఆమె ఇంటికి వచ్చి ఇచ్చిపోయేవారు. పెద్ద సంపాదన కాకపోయినా ఆ చుట్టుపక్కల కుచ్చులంటే కల్పలతే. ఆ మాట వింటే ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది.

సింధూర కూడా మొదట అలా చీర ఇవ్వడానికి వచ్చినదే. వాళ్లది భీమవరం వైపు. తండ్రి అమ్మిరాజు వ్యాపారం మీద ఇక్కడికి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డాడు. పెళ్లయి, బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసి సింధూర కూడా అక్కడే ఫ్లాటులో ఉంటోంది. చీర ఇచ్చి వెళ్లిపోకుండా చాప మీద కూర్చుని, "అక్కా, ఈ ముడి భలే ఉందండి, ఎలా వేస్తున్నారు?" అని అడిగింది. కల్పలత మురిసిపోయి చూపించింది. ఇంకోసారి వచ్చింది, ఇంకో ముడి చూపించింది. టీ ఇచ్చింది. దారాలు ఏ దుకాణంలో మంచివి దొరుకుతాయో అది కూడా చెప్పింది.

తర్వాత ఆ పిల్ల రావడం మానేసింది. ఎందుకు మానేసిందో కల్పలతకు ఊర్మిళ వల్ల తెలిసింది. ఊర్మిళ ఎప్పటి నుంచో ఆమె దగ్గరే కుచ్చులు కట్టించుకునే మనిషి. ఒకరోజు చీర తీసుకొచ్చి, ఫోనులో ఒక వీడియో ముందు పెట్టింది.

"చూడు లతా, ఎంత మంచిగ కట్టిందో. గిట్ల నువ్వు కడ్తవా?"

కిటికీ వెలుతురులో ఒక తెల్లటి చెయ్యి, ఆకుపచ్చ గాజులు, నెమలిపింఛం రంగు దారం. ఆ చెయ్యి మెల్లగా వేస్తున్న ముడి కల్పలత నేర్పించిన ముడే. వీడియో కింద సింధూర పేరు. ఆ పక్కనే # గుర్తు పెట్టి కొన్ని మాటలు. వాటిలో ఒకటి #సింధూరకుచ్చులు.

"కడ్త," అంది కల్పలత.

ఆ రోజు నుంచి ఆమెకు మనశ్శాంతి పోయింది. ముడి ఎత్తుకుపోయిందన్న బాధ ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేది. ఆ పిల్ల పని బాగుండడం ఆమెను ఇంకా కాల్చేది. ముదురు వంగపండు చీరకు లేత గంధం రంగు కుచ్చు తనకెప్పుడూ తోచలేదు. చూశాక అదే సరైన రంగని తెలిసిపోయేది. తెలిసిన ప్రతిసారీ గుండె భగ్గుమనేది. "అంత సోకులే. రెండు ఉతుకులకు ఊడొస్తయ్," అనేది తిరుమల్‌తో. ఊడిరావని ఆమెకు తెలుసు. ఊడిరాకుండా వేసే ముడి నేర్పింది తానే.

"నువ్వు సుత వీడియోలు పెట్టరాదు," అన్నాడు తిరుమల్.

పెట్టింది. ట్యూబులైటు కింద తీసిన వీడియోలు. వాటి కింద #చీర, #పట్టుచీర, #ఫ్యాషన్, #ఇండియా అని తోచిన మాటలన్నీ కుక్కింది. ఇంట్లోవాళ్లు, ఊర్మిళ తప్ప ఎవరూ చూడలేదు.

అదే గల్లీలో పై అంతస్తులో అక్సా ఉండేది. పెళ్లిళ్లకు మెహందీ పెడుతుంది. ఆమెకు ఎప్పుడూ చేతినిండా పని. ఒకరోజు మెట్ల మీద కూర్చుని కల్పలత ఫోను చూసి నవ్వింది.

"గిట్ల ఎవరన్న పెడ్తరా భాభీ? ఉత్త 'చీర' అని దేశంల ఉన్నోళ్లందరు పెడ్తరు. సముద్రంల ఉప్పుగల్లు ఏసినట్లు, నీ వీడియో యాడ తేల్తది?"

"మరేం పెట్టాలె?"

"వెతికెటోళ్ల నోట్ల ఏ మాట ఉంటదో గది పెట్టాలె. నేను 'సికింద్రాబాద్ పెండ్లి మెహందీ' అని పెడ్త. ఇంట్ల పెండ్లి ఉండి, గీ దగ్గర ఉన్నోళ్లే గా మాట కొట్టి చూస్తరు. కొంతమందే చూస్తరు, కానీ చూసినోళ్లు ఫోన్ చేస్తరు. ఊరి పేరొకటి, పని పేరొకటి, నీ సొంత పేరొకటి. చాలు. గా సొంత పేరు మాత్రం ఎన్నడు ఇడువొద్దు. చూడంగ చూడంగ జనాల నోటికి అదే ఎక్కుతది."

కల్పలత ఇంటికి వచ్చి అలాగే మొదలుపెట్టింది. #సికింద్రాబాద్‌కుచ్చులు అని రాసింది. #పెళ్లిచీరకుచ్చులు అని రాసింది. సొంత పేరు దగ్గర వేలు ఆగిపోయింది. కల్పలత అని ఎవరు వెతుకుతారు? జనాల నోట్లో ఇప్పటికే ఎక్కి కూర్చున్న పేరు ఒక్కటే ఉంది. ఆ పేరు తన దగ్గర ముడులు నేర్చుకున్న పిల్లది. తనకు రావలసినది తాను తీసుకుంటే తప్పేముందనుకుంది. #సింధూరకుచ్చులు అని కొట్టింది.

మర్నాటికే ఫోన్లు షురూ అయ్యాయి. మొదట్లో ఎవరైనా "సింధూర గారేనా?" అని అడిగితే, "కాదు, గానీ గదే పని," అనేది. వాళ్లు సరేనని పెట్టేసేవారు. కొన్నాళ్లకు కాదనడం మానేసింది. చీరలు రాసాగాయి. సింధూర ఇంటికి పోవలసిన ప్రతి చీరనూ తాను మధ్యలో ఆపి తెచ్చుకున్నట్టు అనిపించి, ఆమెకు వికారమైన సంతోషం కలిగేది. ఒకసారి తార్నాక నుంచి వచ్చిన ఆవిడ కుచ్చు రంగు అంచుకు కలవలేదని తగువు పెట్టుకుంది. కల్పలత కూడా తగ్గలేదు. ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయింది. పోతేపోనీ అనుకుంది కల్పలత.

ప్రేమమణి వచ్చింది ఆ తర్వాతే. కాప్రాలో ఉంటుంది, స్కూలు టీచరుగా చేసి రిటైరయింది. కూతురు దేవకృపకు చర్చిలో పెళ్లి. తెల్ల పట్టుచీర, సన్నటి బంగారు అంచు. చీరను ఒళ్లో పెట్టుకుని, గుమ్మంలో నిలబడే అడిగింది.

"సింధూర గారి కుచ్చులు ఇక్కడేనా అమ్మా?"

"ఆ, లోపలికి రండి," అంది కల్పలత.

"మీరేనా సింధూర?"

"కూసోండమ్మా. చీర చూపెట్టుండ్రి."

ప్రేమమణి కూర్చుంది. చీర విప్పింది. "తెలుపు మీద తెలుపే కావాలమ్మా. కుచ్చు కనబడాలి, కాని గోల చేయకూడదు. మా అమ్మాయి నెమ్మదైన పిల్ల."

కల్పలత ఆ చీరకు జనరల్ బజార్ అంతా తిరిగింది. ఒకే తెలుపు కాదు, పాలమీగడ తెలుపు ఒకటి, బియ్యపు తెలుపు ఒకటి తెచ్చుకుని రెండూ కలిపి చుట్టింది. చిన్న ముత్యాలు ఒక్కొక్కటే ఏరి, వంకరవి పక్కన పెట్టింది. మొదట్లో ప్రతి ముడికీ 'ఇది వేస్తదా ఆ పిల్ల?' అనుకుంటూ పళ్లు బిగించి వేసింది. సగం కొంగు దాటేసరికి ఎప్పుడో ఆ మాట మరిచిపోయింది. ఆ నాలుగు రోజులూ పాలు పొంగిపోలేదు. ఎందుకు పోలేదో ఆమె గమనించుకోనే లేదు.

ప్రేమమణి చీర విప్పి చూసింది. కొంగు చివరను చేతిలో పట్టుకుని కుచ్చులను అటూ ఇటూ ఊపి, "దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి," అంది.

పెళ్లి అయిన వారంలోనే అక్సా ఫోను పట్టుకుని కిందికి దిగి వచ్చింది. "భాభీ, గిది నీ పనే కదా?"

దేవకృప పెళ్లినాటి వీడియో. చర్చి మెట్ల మీద ఆ పిల్ల తిరిగి చూస్తుంటే కొంగు గాలికి లేచి, ముత్యాలు వరసగా ఎండలో మెరిశాయి. ఎవరు తీశారో గాని, ఆ మెరుపునే మళ్లీ మళ్లీ చూపించారు. కింద దేవకృప రాసింది: "నా పెళ్లి చీరకు ప్రాణం పోసిన సింధూర గారికి ప్రేమతో." దాని పక్కన సింధూర పేజీ పేరు, #సింధూరకుచ్చులు.

వీడియో ఊరంతా తిరిగింది. ఊర్మిళ పంపింది. పుట్టింటివాళ్లు పంపారు. ఎవరికీ అది ఎవరి పనో తెలియదు. "ఈ సింధూర చేతులకు మొక్కాలి" అని ఒకరు, "ఇంత సన్నటి పని ఎక్కడా చూడలేదు" అని ఇంకొకరు. కల్పలత ఒక్కొక్కటే చదివింది. ప్రతి మాటా తనదే, ఒక్క మాటా తనకు కాదు.

తిరుమల్ కూడా చూశాడు. "గీ చీర మనింట్లనే ఉండె కదా? మరి గామె పేరేంది?"

"ఏమో, పొరపాటున రాసిన్రేమో."

"మరి చెప్పు వాళ్లకు."

ఏమని చెబుతుంది? తన పేరు అడిగినప్పుడు చీర చూపించమన్నది తానే. రెండు మూడుసార్లు వీడియో కింద "ఇది కట్టింది నేను" అని రాసి, పంపకుండా చెరిపేసింది. మర్నాడు మధ్యాహ్నం అదే వీడియో కింద సింధూర జవాబు కనిపించింది: "థాంక్యూ సో మచ్ దేవకృపా." పక్కన రెండు దండాల బొమ్మలు.

ముడులు తీసుకుంది చాలక ఇప్పుడు చీరనే తీసుకుంది అనుకుంది కల్పలత. వంట అలాగే వదిలేసి, చెప్పులు తొడుక్కుని నేరేడ్‌మెట్ బస్సెక్కింది. దారి పొడుగునా అనవలసిన మాటలు వరసగా పేర్చుకుంది.

సింధూర తలుపు తీసి పక్కకు జరిగింది. ఆశ్చర్యపోయినట్టు లేదు. "రండక్కా. మంచినీళ్లు తాగండి."

"నీళ్లకు రాలే. గా తెల్లచీర నువ్వు కట్టినవా?"

"లేదు."

"మరి థాంక్యూ అని ఎట్ల రాసినవ్?"

సింధూర ఫోను తీసి ఏదో వెతికి, కల్పలత చేతికిచ్చింది. తార్నాక ఆవిడ రాసిన మాటలు. రంగు కలవలేదని, అడిగితే మీదపడి అరిచిందని, సింధూర దగ్గరికి ఎవరూ వెళ్లొద్దని.

"ఈవిడ చీర నేను కళ్లతో చూడలేదక్కా. మీ వీడియో కింద నా పేరు చూసి మీ దగ్గరికొచ్చింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎవరి వల్లో నాకు తెలుసు. నా పేరు కొడితే ముందు మీ వీడియోలే వస్తున్నాయి. తిట్లు పడ్డప్పుడు నావేననుకుని పడ్డాను. పొగడ్త వచ్చినప్పుడు మాత్రం, ఇది మీదండీ అని మిమ్మల్ని వెతుక్కుంటూ రావాలా?"

కల్పలత ఫోను తిరిగి ఇచ్చేసింది.

"నాకు ఫోన్ చేసి చెప్పొచ్చు గదా," అంది కల్పలత, గొంతు తగ్గించి.

"ఎన్నిసార్లు నంబరు తీశానో. మీరు నేర్పిన మనిషి కదా, నోరు రాలేదు." సింధూర ఫోను పక్కన పెట్టింది. "ఆ తెల్లచీర చూసినప్పుడు నాకూ ఏడుపొచ్చింది. నాకలా రాదు. అందుకే కాదని చెప్పకుండా ఊరుకున్నా. తప్పే అనుకోండి. కానీ ఆ పేరు తీసెయ్యండక్కా. ముడి మీరు నేర్పారు, కాదనను. పేరు నేను కట్టుకున్నది."

కల్పలత తల ఊపింది. సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నా ఆమె కళ్లు ఊరుకోలేదు. గోడకు రంగుల వరసలో తగిలించిన దారాలు చూసింది. తూర్పు కిటికీ చూసింది. ఇంత వెలుతురు మా ఇంట్లో ఏ మూల పడుతుంది, ఈ కిటికీ ఉంటే నేను వీడియోలు ఎట్లా తీద్దును, అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఇచ్చిన నీళ్లు తాగి లేచింది.

నేరేడ్‌మెట్ నుంచి కాప్రా ఎంతో దూరం లేదు. ఇంటికి పోతే మళ్లీ ధైర్యం రాదని ఆటో ఎక్కి ప్రేమమణి ఇంటికి వెళ్లింది. ఆమె మొక్కలకు నీళ్లు పెడుతోంది. కల్పలతను చూసి నవ్వుతూ ఎదురొచ్చింది.

"టీచరమ్మా, నా పేరు కల్పలత. సింధూర వేరే పిల్ల. నేరేడ్‌మెట్‌ల ఉంటది. మీ చీర నేనే కట్టిన. గానీ పేరు మాత్రం నేను చెప్పలే."

ప్రేమమణి నవ్వు ఆగిపోయింది. నీళ్ల పైపు కట్టేసి వచ్చింది. "నేను పేరు పెట్టి అడిగాను కదమ్మా."

"అడిగిన్రు."

"పని సంగతి వేరు. అంత బాగా ఎవరూ కట్టరు. కాని నీ మూలంగా మా అమ్మాయి పెళ్లిరోజున అబద్ధం రాసినట్టయింది. దానికి తెలియదు పాపం." ఆమె కోప్పడలేదు. కూర్చోమని కూడా అనలేదు. "చెప్తాను. మార్చి రాస్తుంది," అంది.

దేవకృప ఆ సాయంత్రమే మార్చి రాసింది. కుచ్చులు కట్టింది రాంగోపాల్‌పేట్ కల్పలత గారని, ముందు పొరపాటు జరిగిందని. కల్పలత ఆత్రంగా చూస్తూ కూర్చుంది. కాని చూసేవాళ్లు అప్పటికే చూసి పోయారు, మెచ్చుకునేవాళ్లు అప్పటికే మెచ్చుకుని పోయారు. కొత్తగా వచ్చినవి నాలుగైదు మాటలు. అందులో ఒకటి: "ఈ కల్పలత ఎవరు? సింధూర దగ్గర పనిచేసే ఆమెనా?"

ఆ మాట ముల్లులా దిగింది. చాలా రోజులు తీసినా రాలేదు.

తన వీడియోలన్నిటి కింద నుంచి సింధూర పేరు తీసేసింది. ఫోన్లు ఆగిపోయాయి. చీరలు తగిలించే హ్యాంగరు ఖాళీ అయింది. తిరుమల్‌కు జరిగింది చెబితే రెండు రోజులు తక్కువ మాట్లాడాడు. అక్సా మాత్రం నెత్తి కొట్టుకుంది. "నేను నీ సొంత పేరు పెట్టమంటి కద భాభీ."

అక్సా దగ్గర కూర్చునే కొత్త మాట కట్టుకుంది: #రాంగోపాల్‌పేట్‌కుచ్చులు. కల్పలత అన్న పేరు ఎవరికీ గుర్తుండకపోయినా, పేట పేరు గుర్తుంటుందని అక్సా అంది. ప్రతి వీడియో కిందా అదే పెట్టింది. చీర తీసుకుపోయే ప్రతి మనిషికీ, "ఫోటో పెడితే జెర గీ మాట రాయుండ్రి," అని చెప్పింది. ఊర్మిళ రాసింది. అక్సా మెహందీ పెట్టిన పెళ్లికూతుళ్లలో కొందరు చీరలు పంపారు, వాళ్లూ రాశారు. వీడియోలు ట్యూబులైటు కింద కాకుండా పొద్దున మిద్దె మీద తీయడం మొదలుపెట్టింది. చూసేవాళ్లు తక్కువే. కాని బన్సీలాల్‌పేట, బోయిన్‌పల్లి, మారేడ్‌పల్లి వాళ్లు ఫోన్ చేసి, "రాంగోపాల్‌పేట్ కుచ్చుల ఆమేనా?" అని అడిగేవారు. అలా అడిగిన మొదటిసారి కల్పలత, "నేనే," అని అవసరం కంటే గట్టిగా చెప్పింది.

శ్రావణ మాసం పెళ్లిళ్లకు ముందు ఒకరోజు సింధూర ఫోన్ చేసింది.

"అక్కా, చేతులు ఆడట్లేదండి. చీరలు ఎక్కువైపోయాయి. కొన్ని మీరు కడతారా? మీ పేరే పెడదాం. మీ పనని నేనే చెప్తాను."

కల్పలత మనసు ఒక్కసారి లేచి, అంతలోనే కూలబడింది. దాని ఇంట్లో మిగిలినవి నాకా అనుకుంది. "నాకు చేతినిండ పనుంది, సింధూరా," అంది.

ఫోను పెట్టేశాక తిరుమల్ హ్యాంగరు వంక చూశాడు. రెండు చీరలు వేలాడుతున్నాయి.

"పనుందంటివి?"

"ఉంది," అంది ఆమె. ఆయన చొక్కా తొడుక్కుని దుకాణానికి వెళ్లిపోయాడు.

ఆ రెండు చీరలూ అయిపోయాయి. శ్రావణం మొదలైంది. ఊరంతా పెళ్లి మేళాలు వినబడుతుంటే కల్పలత ఖాళీ చేతులతో కూర్చోలేక తానే ఫోన్ చేసింది. "గా చీరలు ఇంక ఉన్నయా?"

"అయ్యో, మొన్ననే ఇచ్చేశానక్కా. మల్కాజ్‌గిరిలో వీరరాఘవమ్మ గారని మా వైపు ఆవిడ ఉన్నారు. ఆవిడ కడతారు."

"మంచిగ కడ్తదా?"

"చాలా బాగా కడతారండి."

ఫోను పెట్టేసి కల్పలత ఆ వీరరాఘవమ్మ కోసం వెతికింది. ఏ పేరు కొట్టినా, ఏ మాట కొట్టినా దొరకలేదు. పేజీ లేదు, వీడియో లేదు, ఫోటో లేదు. ఎలా కడుతుందో చూడ్డానికి వీల్లేదు. చూసి కుళ్లుకోవడానికి కూడా వీల్లేకపోవడం ఆమెకు ఇంకా కష్టమనిపించింది. ఆ సాయంత్రం ఆ సంగతి చెబితే అక్సా మెట్ల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. కల్పలతకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది.

మాఘంలో సింధూర మళ్లీ ఫోన్ చేసింది. "అక్కా, ఈసారి..." అంటుండగానే కల్పలత, "పంపియ్. రేపు నేనే వచ్చి తీసుకుంట," అంది. ఎనిమిది చీరలు. మర్నాడు వెళ్లి కిటికీ పక్కన కూర్చుని ఇద్దరూ రంగులు చూసుకున్నారు. ఒక మిరపపండు రంగు చీరకు బూడిద రంగు దారం పెట్టమంది సింధూర. కల్పలతకు నచ్చలేదు. దారాన్ని అంచు మీద పరిచి చూసింది. సరిగ్గా కుదిరింది. ఎప్పటిలాగే లోపల చురుక్కుమంది.

"నీకు గీ రంగులు యాడికెల్లి తోస్తయే?" అని అడిగింది.

సింధూర నవ్వి, తనకు తోచినట్టు చెప్పడం మొదలుపెట్టింది. కల్పలత దారం చేతిలో పట్టుకుని, ఒక్క మాట కూడా వదలకుండా వింది.